కాలిన సాకెట్ మార్చే ముందు

వంటింట్లో ఇండక్షన్ స్టవ్ పెట్టే సాకెట్ ఒక పక్క గోధుమరంగుకు తిరుగుతుంది. ప్లగ్గు పీకితే పిన్ను వేడిగా తగులుతుంది. కొన్నాళ్ళకు ఆ మచ్చ నల్లబడి, ఒకరోజు వంట మధ్యలో స్టవ్ ఆగిపోతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్త సాకెట్ బిగించి వెళ్తాడు. ఆరు నెలలు తిరగకుండానే మళ్ళీ అదే చోట అదే మచ్చ. ఈసారి సాకెట్ కంపెనీ మంచిది కాదనుకుని ఇంకాస్త ఖరీదైనది తెస్తాం. అదీ కాలుతుంది.

పాడైన స్విచ్చినో సాకెట్‌నో మార్చడం పది నిమిషాల పని. అది ఎందుకు పాడైందో కనిపెట్టడమే అసలు రిపేరు. ఆ కనిపెట్టే పని ఇంట్లోవాళ్ళు చేయగలిగినంత బాగా బయటివాళ్ళు చేయలేరు. ఆ సాకెట్లో రోజూ ఏది పెడుతున్నారో, ఎంతసేపు వాడుతున్నారో, వాసన ఎప్పటి నుంచి వస్తోందో మీకే తెలుసు కదా.

ముందు చిన్న లెక్క. మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. 2000 వాట్ల స్టవ్ దాని మీద సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. గదుల్లో ఉండే చిన్న సాకెట్ తట్టుకునేది 6 ఆంపియర్లు. పెద్ద సాకెట్ 16 ఆంపియర్లు. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 4.3 ఆంపియర్లే కాబట్టి చిన్న సాకెట్లో నిక్షేపంగా పనిచేస్తుంది. 1500 వాట్ల నీళ్ళ హీటరు రాడ్డు 6.5 లాగుతుంది, అంటే హద్దు దాటింది. గీజరు, ఏసీ, ఇండక్షన్ స్టవ్ అన్నీ పెద్ద సాకెట్ సరుకే. వాటి ప్లగ్గుకు లావు పిన్నులు పెట్టింది చిన్న సాకెట్లో దూరకుండా ఉండాలనే. మనం బజారుకు వెళ్ళి కన్వర్షన్ ప్లగ్గు కొనుక్కొచ్చి ఆ అడ్డు తీసేస్తున్నాం. వంటింట్లో ఆ కన్వర్షన్ ప్లగ్గు ఉంటే దాన్ని ఇవాళే తీసేయండి. ఈ అధ్యాయంలో మరేదీ చేయకపోయినా ఆ ఒక్క పని చేయండి.

లోడు సరిపోయినా సాకెట్ కాలుతోందంటే, వెనక స్క్రూ వదులైందని అనుమానించాలి. వైరు బిగించే చోట పట్టు సడలితే అక్కడ కరెంటుకు అడ్డు పుడుతుంది. ఆ అడ్డు 0.1 ఓం అంటే ఎవరి లెక్కలోకీ రాదు. కానీ 8.7 ఆంపియర్లు దానిలోంచి పోతే సుమారు 7.5 వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడంతా వేరుశనగ గింజంత ఇత్తడి ముక్క మీద, వంట జరిగినంతసేపూ కూర్చుంటుంది. వేడికి లోహం సాగుతుంది, ఆపాక ముడుచుకుంటుంది. రోజూ ఇలా సాగి ముడుచుకోవడంతో స్క్రూ ఇంకా వదులవుతుంది. రాగి నల్లబడి అడ్డు పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ‘ఎంసీబీ ఉంది కదా, ప్రమాదమైతే అదే పడిపోతుంది’ అంటారు. ఎంసీబీ పడేది కరెంటు హద్దు దాటినప్పుడు. వదులు స్క్రూ దగ్గర పోయే కరెంటు ఎప్పటిలాగే 8.7 ఆంపియర్లే ఉంటుంది, పెరగదు. ప్లాస్టిక్ కరిగి, వైరు తొడుగు కాలి, నిప్పు అంటుకునే దాకా కూడా ఎంసీబీకి ఏ తేడా కనిపించకపోవచ్చు. ఆ వేడిని పసిగట్టాల్సింది మీ చెయ్యీ ముక్కూ మాత్రమే. అందుకే పెద్ద లోడు పావుగంట నడిచాక స్టవ్ ఆపి, తడిలేని చేత్తో, వేళ్ళ వెనక వైపుతో సాకెట్ ప్లేటును, ప్లగ్గును తాకి చూడటం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్ వాడకం అక్కడితో ఆపాలి. ప్లేటు మీద పగులు కనిపించినా, లోపల చిటపట వినిపించినా తాకే ప్రయత్నమే వద్దు, నేరుగా మెయిన్ ఆపడమే.

ఇంతకీ స్విచ్చి, సాకెట్ మార్చే పని మనం చేయొచ్చా అని అడిగేవాళ్ళున్నారు. మంచి ప్రశ్న. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమం వైరింగ్ పనులన్నీ లైసెన్సున్న కాంట్రాక్టరుతోనే చేయించాలని చెబుతూ, బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చిలు మార్చడాన్ని మాత్రం మినహాయించింది. షరతు ఒక్కటే: ఆ మార్పు వల్ల వైరింగు సామర్థ్యం గానీ స్వభావం గానీ మారకూడదు. తరువాత వచ్చిన కేంద్ర భద్రతా నిబంధనలు కూడా ఆ మినహాయింపును అలాగే ఉంచాయి. పాడైన 6 ఆంపియర్ల స్విచ్చి తీసి కొత్త 6 ఆంపియర్ల స్విచ్చి పెట్టుకోవడం మీ పని. అదే చోట 16 ఆంపియర్ల సాకెట్ పెట్టాలంటే వెనక వైరు కూడా మారాలి, అది లైసెన్సున్నవాళ్ళ పని. లైట్లకు వేసిన సన్నని వైరుకు పెద్ద సాకెట్ తగిలిస్తే కాలే చోటు సాకెట్ నుంచి గోడ లోపలికి మారుతుంది, అంతే. అప్పుడు మచ్చ కూడా కనిపించదు.

బోర్డు విప్పే ముందు మెయిన్ కట్టేయాలని ఎవరిని అడిగినా చెబుతారు. విజయవాడ ఇళ్ళలో అది చాలదు. కరెంటు కోతల కాలంలో కొన్న ఇన్వర్టరు ఇంకా చాలా ఇళ్ళలో ఉంది. మెయిన్ ఆపగానే అది తన బ్యాటరీతో 230 వోల్టులు అందిస్తుంది. ఏ బోర్డు ఇన్వర్టరు మీద ఉందో, ఏది లేదో చాలామందికి తెలియదు. పైగా ఒకే బోర్డులో ఫ్యాను, లైటు ఇన్వర్టరు లైను మీద, కింది సాకెట్ మామూలు లైను మీద ఉంటాయి. కాబట్టి మెయిన్ ఆపాక ఇన్వర్టరును కూడా వెనకాల స్విచ్చి దగ్గర ఆపండి, దాని నుంచి ఇంట్లోకి వెళ్ళే ప్లగ్గు ఉంటే పీకేయండి. మెయిన్ దగ్గర ఎవరూ చెయ్యి పెట్టకుండా ఒక కాగితం అంటించండి, లేదా ఒకరిని నిలబెట్టండి. ‘కరెంటు పోయినట్టుంది’ అని పిల్లలు వెళ్ళి పైకి లేపేసే ప్రమాదం నిజంగా ఉంది.

తరువాత టెస్టర్. అందులో ఉండేది చిన్న నియాన్ బల్బు, దాని వెనక పెద్ద రెసిస్టరు. రెసిస్టరు పగిలినా, తడిసినా ఆ టెస్టరే ప్రాణం తీస్తుంది. కనుక నీళ్ళలో పడిన టెస్టర్‌ను పారేయండి. మెయిన్ ఆపకముందు కరెంటు ఉన్న సాకెట్లో పెట్టి వెలుగుతోందో లేదో చూడండి. ఆపాక మీరు విప్పబోయే బోర్డులో ప్రతి రంధ్రం చూడండి. పని అయ్యాక మెయిన్ లేపి, మళ్ళీ తెలిసిన చోట పెట్టి అది ఇంకా పనిచేస్తోందని రూఢి చేసుకోండి. వెలగని టెస్టర్‌కు రెండు అర్థాలుంటాయి: కరెంటు లేదు, లేదా టెస్టర్ పాడైంది.

ఒకవేళ ఎవరికైనా షాక్ కొట్టి అతుక్కుపోతే మనిషిని ముట్టుకోవద్దు. ముందు మెయిన్, ఇన్వర్టరు. అవి అందకపోతే పొడి కర్రతో నెట్టాలి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేసి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

ఇక లోపం ఎక్కడుందో వెతకడం. ఇల్లంతా కరెంటు లేకపోతే పక్కింట్లో ఉందేమో చూడండి. వాళ్ళకు ఉండి మీకు లేకపోతే మీ ఎంసీబీలు, కటౌట్ ఫ్యూజు చూసుకోవాలి. లైట్లు ఒక్కసారిగా ప్రకాశవంతమై మళ్ళీ మసకబారుతూ, ఒక గదిలో ఎక్కువ వెలుగు, ఇంకో గదిలో తక్కువ వెలుగు ఉంటే స్విచ్చిల జోలికి పోకండి. బయట స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ వదులైన లక్షణం అది. మూడు ఫేజుల సర్వీసున్న ఇంట్లో న్యూట్రల్ తెగితే సాకెట్లలోకి 230 బదులు 400 వోల్టులకు దగ్గరగా రావచ్చు. ఫ్రిజ్, టీవీ క్షణాల్లో పోతాయి. మెయిన్ ఆపి 1912కు ఫోన్ చేయడం ఒక్కటే మీ వంతు.

ఒక్క పాయింటే పనిచేయకపోతే, ముందు బల్బు మార్చి చూడండి, వస్తువును వేరే సాకెట్లో పెట్టి చూడండి. తేలిగ్గా అనిపించినా ఈ మెట్టు దాటేసి బోర్డు విప్పేవాళ్ళే ఎక్కువ. లైటు వెలిగి ఫ్యాను తిరగకపోతే రెగ్యులేటర్‌ను అనుమానించండి. ఎర్త్ రంధ్రం పైకి ఉండేలా సాకెట్‌కు ఎదురుగా నిలబడితే కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి. టెస్టర్ కుడివైపే వెలగాలి. రెండు వైపులా వెలిగితే ‘రెండు వైర్లలోనూ కరెంటు వస్తోంది’ అని కంగారుపడతారు. సాధారణంగా అర్థం ఏమిటంటే, న్యూట్రల్ ఎక్కడో తెగింది. ఆ లైనులో ఆన్‌లో ఉన్న ఏ బల్బు లోంచో ఫేజ్ తిరిగి వచ్చి న్యూట్రల్ వైరులో నిలబడి ఉంది. వస్తువు ఏదీ పనిచేయదు, కానీ వైరు ముట్టుకుంటే షాక్ కొడుతుంది.

ఇంకో లక్షణం రాత్రిపూట కనిపిస్తుంది. స్విచ్చి ఆపేసినా ఎల్‌ఈడీ బల్బు సన్నగా మినుకుతూ ఉంటుంది. స్విచ్చిలో ఇండికేటర్ దీపం ఉంటే అది కారణం కావచ్చు, భయం లేదు. ఇండికేటర్ లేకపోతే మాత్రం స్విచ్చి ఫేజ్ బదులు న్యూట్రల్ మీద వేసి ఉండవచ్చు. అలాంటి చోట స్విచ్చి ఆపి బల్బు మార్చేవాళ్ళ చేతికి హోల్డర్లో ఫేజ్ సిద్ధంగా ఉంటుంది. దీన్ని సరిచేయించడం వాయిదా వేయకండి.

బోర్డు విప్పగానే వైర్లను కదపకుండా ఫోన్లో ఫోటో తీయండి. పాత బోర్డయితే చెక్క పెట్టె మీద హైలమ్ షీటు ఉంటుంది, నాలుగు మూలలా స్క్రూలు. మాడ్యులర్ అయితే పై ప్లేటు క్లిప్పుల మీద ఊడి వస్తుంది. కాలిన వైరు కొస చూడండి. తొడుగు గట్టిపడి, వంచితే పొడిలా రాలుతుంది. లోపల రాగి పోగులు నల్లగానో ఊదాగానో ఉంటాయి. ఆ కొసనే కొత్త సాకెట్లో బిగిస్తే వేడి పుట్టే చోటును తిరిగి ప్రతిష్ఠించినట్టే. మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కత్తిరించండి. ఒక సెంటీమీటరు మేర తొడుగు తీయండి, ఒక్క పోగు కూడా తెగకూడదు. పోగులు కుడివైపుకు మెలి తిప్పి, వైరు సన్నగా ఉంటే కొసను రెండుగా మడిచి, టెర్మినల్ లోపలికి పూర్తిగా దోపి స్క్రూ బిగించండి. బిగించాక ఆ వైరును గట్టిగా లాగి చూడండి. ఊడితే మంచిదే, ఇప్పుడే తెలిసింది. ఊడకపోతే స్క్రూను ఇంకో పావు తిప్పు తిప్పండి. కత్తిరించాక వైరు పొట్టిదైపోతే టేపు చుట్టి అతుకు వేయకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

విజయవాడ వన్‌టౌన్, సత్యనారాయణపురం లాంటి చోట్ల పాత ఇళ్ళలో టేకు బద్దెల మీద వేసిన వైరింగు ఇప్పటికీ కనిపిస్తుంది. కొన్నింటిలో వైరు అల్యూమినియం. తెల్లగా, మెత్తగా ఉంటుంది, రెండుమూడుసార్లు వంచితే విరుగుతుంది. దాన్ని రాగి వైరుతో నేరుగా మెలిపెడితే ఆ అతుకు కొన్నాళ్ళకు తప్పకుండా వేడెక్కుతుంది. ఆ ఇళ్ళలో స్విచ్చిలు మారుస్తూ పోవడం డబ్బు దండగ, వైరింగే మార్చించాలి.

మన కృష్ణా డెల్టాకు ప్రత్యేకమైన శత్రువులు కొన్ని ఉన్నాయి. బందరు, నాగాయలంక వైపు ఉప్పుగాలికి ఇత్తడి టెర్మినల్ మీద పచ్చని చిలుము పడుతుంది. ఆ పొర కింద పట్టు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఉండదు. ఆ టెర్మినల్ గీకి వాడేకంటే సాకెట్ మార్చడమే మేలు. వానాకాలం ముందు చీమలు పైపుల్లోంచి స్విచ్చిల్లోకి చేరి, కాంటాక్టుల మధ్య నలిగి, స్విచ్చి నొక్కినా లైటు వెలగకుండా చేస్తాయి. బోర్డులోకి పురుగుమందు స్ప్రే కొట్టకండి, ఆ గ్యాసు అంటుకుంటుంది. మెయిన్ ఆపి విప్పి, పొడి బ్రష్షుతో తుడిచి, పైపు మూతిని పుట్టీతో మూయండి. దసరాకో పెళ్ళికో సీరియల్ బల్బులు కట్టినప్పుడు వైరు కొసలు సాకెట్లో దోపి అగ్గిపుల్లలు బిగించే అలవాటు ఊరూరా ఉంది. పండగ అయిపోయాక కూడా ఆ సాకెట్ లోపలి రేకులు సాగిపోయే ఉంటాయి. తరువాత పెట్టిన ప్రతి ప్లగ్గూ వదులుగానే కూర్చుంటుంది. ముప్పై రూపాయల టూ పిన్ ప్లగ్గు దగ్గర పొదుపు చేసి సాకెట్ పోగొట్టుకోవడం ఎందుకు?

వానలు పట్టి గోడలు చెమర్చినప్పుడు ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంది. గోడ తడి గుండా కరెంటు నేలలోకి కారుతోందని అది చెబుతోంది. 30 మిల్లీ ఆంపియర్లు కారగానే అది లైను కట్టేస్తుంది, మనిషి ప్రాణం కాపాడేది అదే. విసుగుపడి దాన్ని తీయించి నేరుగా వైరు కలిపించుకున్న ఇళ్ళు ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి. ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీ లేపి, ఒక్కో ఎంసీబీ లేపుతూ రండి. ఏది లేపినప్పుడు పడిందో ఆ లైనులో తడి ఉంది. స్నానాల గది గోడ వెనక బోర్డు, డాబా మీద లైటు, బోరు మోటారు ముందు చూడండి. అన్నీ దించినా పడుతుంటే లోపం న్యూట్రల్ వైపు ఉండే అవకాశం ఎక్కువ. ఎలక్ట్రీషియన్ వైరు తొడుగు పట్టును కొలిచే మెగ్గర్ పెట్టి చూడాల్సిందే. ఆర్‌సీసీబీ మీద ఉండే చిన్న టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడూ నొక్కి, అది పడుతోందని చూసుకోండి.

ఎర్త్ సంగతి కూడా సాకెట్ దగ్గరే తేలుతుంది. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. వెనక చూస్తే పై టెర్మినల్ ఖాళీగా ఉండొచ్చు. అంతకంటే ప్రమాదం, న్యూట్రల్‌నే చిన్న వైరు ముక్కతో ఎర్త్ టెర్మినల్‌కు కలిపి ఉండటం. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున ఫ్రిజ్ ఒళ్ళంతా ఫేజ్ అవుతుంది. విప్పినప్పుడు ఆ ముక్క కనిపిస్తే సాకెట్ వాడకం ఆపి నిజమైన ఎర్త్ వేయించండి. డెల్టా నల్లరేగడి తడిగా ఉన్నన్నాళ్ళూ ఎర్త్‌కు అనువైన నేల. వేసవిలో కాలువలు కట్టేశాక నేల నెర్రెలిచ్చి పైపు చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది, అప్పుడు గుంతలో నీళ్ళు పోస్తూ ఉండాలి. కొండల మీద మెట్ల వెంట కట్టిన ఇళ్ళ సంగతి వేరు. రాతిలో మంచి ఎర్త్ దొరకడం కష్టం. ఆ ఇళ్ళకు ఆర్‌సీసీబీ తప్పనిసరి అంటాను.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలకు బుడమేరు వాగు కట్టలు తెగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. నీళ్ళు తీశాక ప్రతి ఇంట్లో ఎదురైన ప్రశ్న ఒకటే: మెయిన్ ఎప్పుడు లేపాలి? గోడ ఆరినట్టు కనిపించినా పైపు వంపుల్లో నీళ్ళు నిలిచే ఉంటాయి. సాకెట్ల లోపల ఎండిన బురద మళ్ళీ చెమ్మ తగిలితే కరెంటుకు దారి ఇస్తుంది. మునిగిన స్విచ్చిలు, సాకెట్లు, ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు కడిగి ఆరబెట్టి వాడుకునే సరుకు కావు. అన్నీ మార్చాలి. మంచి పీవీసీ తొడుగున్న రాగి వైరు చాలాసార్లు నిలబడుతుంది, కానీ అది మెగ్గర్ తేల్చాలి. 500 వోల్టుల మెగ్గర్‌తో చూసినప్పుడు కనీసం 1 మెగా ఓం రావాలి. రాకపోతే ఇంకా ఆరనివ్వాలి, అప్పటికీ రాకపోతే ఆ వైరు లాగేయాలి. రీడింగు మీ ముందే చూపించమని అడగండి, ఏ గదికి ఎంత వచ్చిందో రాసి ఉంచుకోండి. పై అంతస్తులో నీళ్ళు రాకపోతే దాని లైను విడదీసి ముందు అక్కడ వెలుగు తెచ్చుకోవచ్చు.

గోడలు పగలగొట్టి పైపులు కొత్తగా వేయాల్సి వచ్చినవాళ్ళకు ఒక అవకాశం దొరికింది. నేల నుంచి పైకి వచ్చే పైపుల బదులు స్లాబు నుంచి కిందికి దింపే పైపులు వేయించుకోవాలి. అప్పుడు నీళ్ళు వంపుల్లో నిలవకుండా బోర్డు మూతి లోంచి కారిపోతాయి. సాకెట్లన్నీ ఆ సెప్టెంబరులో నీళ్ళు చేరిన మట్టానికి పైన, కింది అంతస్తుకూ పై అంతస్తుకూ వేరువేరు మెయిన్లు, మీటరు బోర్డు మనిషి ఛాతీ ఎత్తుకు తగ్గకుండా. మంచం పక్కన ఛార్జరు పెట్టుకోవడానికి కాస్త చెయ్యి చాపాల్సి వస్తుంది, గోడ మీద వైరు వేలాడుతూ కనిపిస్తుంది. మేస్త్రీ అందం పోతుందంటాడు. బుడమేరు పక్కన ఉండేవాళ్ళు ఆ మాట వినకుండా ఎత్తు గీసి ఇచ్చి, అక్కడే పెట్టమనాలి.